లాగి వదిలితే సైటు వస్తుంది, తర్వాతి సంగతేంటి?

వెబ్‌సైట్ బిల్డర్లు, అంటే కోడ్ రాయకుండా సైటు కట్టుకునే పనిముట్లు, వాటి ప్రకటనలన్నిటిలోనూ ఒకటే దృశ్యం. ఎవరిదో వేలు ఒక ఫొటోని పట్టుకుని లాగుతుంది, పేజీ మీద వదులుతుంది, సైటు సిద్ధం. అందులో అబద్ధమేమీ లేదు. విక్స్, స్క్వేర్‌స్పేస్, జోహో సైట్స్, హోస్టింగర్, గోడాడీ, గూగుల్ సైట్స్... ఏది తీసుకున్నా లాగడం, వదలడం దాదాపు ఒకేలా ఉంటాయి. పవర్‌పాయింట్‌లో స్లైడులు చేసిన చెయ్యయితే ఒక పూటలో అలవాటు పడిపోతుంది. కొత్తవాళ్లు ఆ ఒక్క సులువు చూసే డబ్బు కట్టేస్తున్నారు, చిక్కంతా అక్కడే. ఆర్నెల్లు పోయాక ఏడిపించేవి వేరే ఉన్నాయి: సైటు పేరు ఎవరి చేతిలో ఉంది, రేపు మానుకుంటే రాసుకున్నదంతా బయటికి వస్తుందా, ఫోన్లో తెలుగు సరిగ్గా కనపడుతుందా, కస్టమరు కట్టిన డబ్బు మన ఖాతాలో పడుతుందా. బిల్డర్‌ని వీటిని బట్టే ఎంచుకోవాలి. టెంప్లేట్ల, అంటే ముందే గీసి ఉంచిన పేజీ నమూనాల, అందం చివర్లో చూసుకున్నా నష్టం లేదు.

ఇంతకీ సైటు అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. పాత ఖాతాదారులతోనే నడిచే బెజవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్టుకి గూగుల్ మ్యాప్స్‌లో సరైన లిస్టింగు, వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు ఉంటే చాలా వరకు పని జరిగిపోతుంది, పైసా ఖర్చు లేదు. కొత్తవాళ్లు వెతుక్కుంటూ రావాల్సిన వ్యాపారాల సంగతి వేరు. గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ సెంటరు, బెజవాడ సూర్యారావుపేటలో క్లినిక్కు, మంగళగిరి చీరలు వేరే రాష్ట్రాలకి అమ్మేవాళ్లు, విదేశాల్లో ఉన్న పిల్లలకి పచ్చళ్లు పార్సిల్ చేసేవాళ్లు. ఫీజెంత, ఏ టైములో ఉంటారు, పార్సిల్ ఎన్నాళ్లకి వస్తుంది అని అడిగేవాళ్లకి వీళ్లు పొద్దస్తమానం ఫోన్లో చెప్పే జవాబులేవో, సైటులో ఉండాల్సిన పేజీలు అవే.

ఉచితంగా దొరికిన దాని మీదే మొత్తం బరువు పెడితే ఏమవుతుందో ఈమధ్యే చూశాం. గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్‌తో, అంటే మ్యాప్స్‌లో కనపడే ఆ లిస్టింగుతో, పాటు ఒక చిన్న సైటు కూడా ఊరికే ఇచ్చేది. చిరునామా చివర బిజినెస్ డాట్ సైట్ అని ఉండేది. 2024 మార్చిలో వాటన్నిటినీ ఆపేసింది. ఆ ఏడాది జూన్ 10 దాకా ఆ చిరునామా కొడితే ప్రొఫైల్‌కి దారి మళ్లేది, తర్వాత అదీ లేదు. విజిటింగ్ కార్డుల మీద, క్యారీబ్యాగుల మీద దాన్ని అచ్చు వేయించుకున్నవాళ్లకి ఆ అచ్చు ఖర్చంతా దండగే. ఇదేం కొత్త కాదు. ఒకప్పుడు లక్షల మంది సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ని యాహూ 1999లో కొని, 2009లో మూసేసింది. తొలితరం బిల్డర్లలో బాగా పేరున్న వీబ్లీ 2018లో స్క్వేర్ చేతికి వెళ్లింది. కంపెనీ పెద్దదే కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

పేరు ఎవరి చేతిలో ఉంది

సైటు అని ఒకే మాట అంటాం గానీ అందులో మూడు వేరు వేరు వస్తువులున్నాయి. పేరు, అంటే డొమైన్. పేజీలు నిలవుండే చోటు, అంటే హోస్టింగ్. పేజీలు తయారుచేసే పనిముట్టు, అంటే బిల్డర్. బిల్డర్ కంపెనీలు మూడూ కలిపి ఒకే బిల్లులో అమ్ముతాయి కాబట్టి అవి విడివిడి వస్తువులన్న ఊహే మనకి రాదు. బీసెంట్ రోడ్డులో కొట్టు అద్దెకి తీసుకున్నట్టు అనుకోండి. కొట్టు ఓనరుది, లోపల గోడకి బిగించిన అలమరాలూ ఓనరువే, రేపు ఖాళీ చేస్తే బోర్డు మీద ఉన్న మీ పేరొక్కటే మీ వెంట వస్తుంది. డొమైన్ ఆ బోర్డు. అది మీది అయితే బిల్డర్ మారినా కస్టమరుకి తెలియను కూడా తెలియదు.

అందుకని డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో, మీ కార్డుతో కొనండి. డాట్ ఇన్ గానీ డాట్ కామ్ గానీ ఏడాదికి వెయ్యి రూపాయలకి అటూ ఇటూ ఉంటుంది. మన ఊళ్లలో నేను ఎక్కువగా చూసే గొడవ ఇక్కడే వస్తుంది. సైటు చేసిపెట్టిన కుర్రాడు డొమైన్‌ని తన అకౌంటులోనే కొంటాడు. మోసం చేద్దామని కాదు, పని త్వరగా అయిపోతుందని. రెండేళ్లకి అతనికి హైదరాబాదులో ఉద్యోగం వస్తుంది, నంబరు మారుతుంది. రెన్యువల్ మెయిళ్లన్నీ అతని పాత ఇన్‌బాక్సులో పడుతుంటాయి, కొట్టులో ఎవరికీ తెలియదు. డాట్ కామ్ లాంటి పేర్లకి గడువు దాటాక కొన్నాళ్లు మామూలు రేటుకే రెన్యువల్ చేయించుకునే వీలుంటుంది. ఆ తర్వాత 30 రోజులు జరిమానా లాంటి పెద్ద ఫీజు కడితే తిరిగి ఇస్తారు. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. పేరున్న కొట్టు డొమైన్ అలా వదిలేస్తే పట్టుకోవడానికి కాచుకుని ఉండేవాళ్లు ఉన్నారు.

ఏడాది ప్లాన్ తీసుకుంటే డొమైన్ ఉచితం అని చాలా బిల్డర్లు ఊరిస్తాయి. తీసుకోవచ్చు, తప్పేం లేదు. అయితే రెండో ఏడాది దాని రేటెంతో చూడండి, బిల్డర్ మానేసినా డొమైన్ వేరే చోటికి మార్చుకోనిస్తారో లేదో చూడండి. కొత్తగా కొన్న డాట్ కామ్‌ని మొదటి 60 రోజులు ఇంకో రిజిస్ట్రార్‌కి, అంటే డొమైన్లు అమ్మే ఇంకో కంపెనీకి, మార్చడానికి కుదరదు. ఎక్కడ కొన్నా దాన్ని ఏ బిల్డర్ వైపైనా తిప్పుకోవడం మాత్రం ఎప్పుడైనా కుదురుతుంది, సెట్టింగుల్లో రెండు మూడు లైన్లు మార్చడమే. కాబట్టి పేరు ఒకచోట, బిల్డర్ ఇంకోచోట పెట్టుకోవడమే నాకు నచ్చే పద్ధతి. తెలుగు లిపిలో డాట్ భారత్ పేరు కూడా దొరుకుతుంది. ముచ్చటగా ఉంటుంది. ఈమెయిల్ దగ్గర తకరారు పెట్టే సాఫ్ట్‌వేర్లు ఇంకా ఉన్నాయి కాబట్టి అదొక్కటే పెట్టుకుని కూర్చోకండి.

ఉచిత ప్లాన్ల మాట ఇక్కడే చెప్పేస్తాను. విక్స్ లాంటి వాటిలో ఉచిత సైటుకి చిరునామాలో వాళ్ల పేరు, పేజీ మీద వాళ్ల ప్రకటన ఉంటాయి, మీ డొమైన్ తగిలించడానికి ఒప్పుకోరు. నేర్చుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది, బోర్డు మీద రాయించడానికి పనికిరాదు. గూగుల్ సైట్స్ దీనికి మినహాయింపు: ప్రకటనలు లేవు, సొంత డొమైన్ కూడా తగిలించవచ్చు. మరీ సాదాగా ఉంటుంది, అమ్మకాలకి ఏర్పాటు లేదు. ట్యూషన్ సెంటరుకో అపార్టుమెంటు అసోసియేషన్‌కో అయితే దాన్ని మించి వెతకక్కర్లేదు.

మానుకుందామనుకుంటే

బిల్డర్‌లో మీరు పెట్టిన ఫొటో, రాసిన మాట, జరిపిన గడి అన్నీ ఆ కంపెనీ డేటాబేసులో వాళ్లకి మాత్రమే అర్థమయ్యే పద్ధతిలో నిలవుంటాయి. ఎవరైనా పేజీ తెరిచినప్పుడు వాళ్ల సర్వర్లు అప్పటికప్పుడు దాన్ని సైటుగా మార్చి చూపిస్తాయి. అందుకే "నా సైటు మొత్తం ఒక ఫైలుగా ఇచ్చేయండి" అంటే ఇవ్వడానికి వాళ్ల దగ్గర అలాంటిదేం ఉండదు. విక్స్ సైటుని బయట హోస్టింగులో పెట్టుకోవడం కుదరదని ఆ కంపెనీయే చెబుతుంది. స్క్వేర్‌స్పేస్ కొంత భాగాన్ని, ముఖ్యంగా వ్యాసాల్లాంటి వాటిని, వర్డ్‌ప్రెస్‌కి పట్టే రూపంలో ఇస్తుంది, రూపురేఖలు రావు. వెబ్‌ఫ్లోలో డబ్బు కట్టే ప్లాన్ ఉంటే కోడ్ దించుకోవచ్చు గానీ అది కొత్తవాళ్ల పనిముట్టు కాదు.

అన్నీ మనవే అనిపించుకోవాలంటే వర్డ్‌ప్రెస్. 2003లో మొదలైంది, ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఏ హోస్టింగులోనైనా పెట్టుకోవచ్చు, మూట కట్టుకుని ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. 2018 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి దాంట్లోనే బ్లాకులు పేర్చే ఎడిటర్ ఉంది, ఇంకా సులువు కావాలంటే ఎలిమెంటర్ లాంటి ప్లగిన్లు, అంటే దానికి తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్లు, ఉన్నాయి. పేరు ఒకటే అయినా వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అంటే ఒక కంపెనీ అమ్మే సర్వీసు, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ అంటే ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఇవి రెండూ ఒకటే అనుకుని చెయ్యి కాల్చుకునేవాళ్లు చాలామంది.

ఇంత స్వేచ్ఛ ఉన్నప్పుడు అందరికీ వర్డ్‌ప్రెస్సే చెప్పొచ్చు కదా అనిపిస్తుంది. నేను చెప్పను. అప్‌డేట్లు, బ్యాకప్పులు, ప్లగిన్లు ఒకదానితో ఒకటి పడకపోవడాలు, ఎప్పటిదో పాత ప్లగిన్లోంచి ఎవడో దూరి కొట్టు సైటులో జూదం ప్రకటనలు పెట్టేయడాలు, వీటికి రోజూ కాకపోయినా వారానికోసారి చూసుకునే మనిషి కావాలి. అలాంటి మనిషి ఇంట్లోనో కొట్టులోనో లేకపోతే నెలనెలా అద్దె కట్టి బిల్డర్‌లో ఉండటమే నయం. అప్పుడు చేయాల్సింది ఒకటే: ఫొటోల ఒరిజినళ్లు, రాసిన మాటలన్నీ, సరుకు జాబితా ధరలతో సహా ఒక గూగుల్ డ్రైవ్ ఫోల్డరులో విడిగా దాచుకోవడం. అవి చేతిలో ఉంటే ఆరేడు పేజీల సైటుని ఇంకో బిల్డర్‌లో మళ్లీ కట్టుకోవడం రెండు మూడు రోజుల పని. సరుకు వందల్లో ఉంటే మాత్రం జాబితా మొత్తం ఎక్సెల్ షీటుగా దించుకునే వీలుందో లేదో డబ్బు కట్టకముందే చూడాలి.

తెలుగు కనపడే తీరు

ఈ విషయం ఏ ఇంగ్లీషు సలహాల్లోనూ దొరకదు, మన సైట్లు ఎక్కువగా చెడేది ఇక్కడే.

టెంప్లేట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల కొలతలకి గీసినవి. ఇంగ్లీషు అక్షరం కింద పెద్దగా ఏమీ వేలాడదు, అందుకని శీర్షికల్లో లైన్లని దగ్గర దగ్గరగా ఇరికిస్తారు. మనకి పైన గుళ్లు, కింద ఒత్తులు. "శ్రీలక్ష్మీ చేనేత వస్త్రాలయం" అని పెద్ద అక్షరాల్లో పెట్టి, ఫోన్లో అది రెండు లైన్లుగా విరిగిందనుకోండి, పై లైను ఒత్తు కింది లైను దీర్ఘం మీద ఎక్కి కూర్చుంటుంది. కొన్ని టెంప్లేట్లలో బటన్ లోపల ఒత్తులు సగానికి తెగిపోతాయి. దీనికి మందు లైన్ స్పేసింగ్. 1.1, 1.2 అని ఉన్నదాన్ని 1.5, 1.6 చేస్తే తేరుకుంటుంది. అక్షరాల మధ్య ఖాళీ, అంటే లెటర్ స్పేసింగ్, సున్నా చేసేయాలి. ఈ రెండూ మార్చనివ్వని బిల్డర్ తెలుగు సైటుకి వద్దు.

తర్వాత ఫాంటు. టెంప్లేట్‌లో ఉన్న సోకైన ఫాంటులో తెలుగు అక్షరాలు ఉండవు. అయినా ఎడిటర్‌లో తెలుగు కనపడుతుంది, ఎందుకంటే మీ కంప్యూటరు తన దగ్గరున్న ఏదో తెలుగు ఫాంటుతో అతుకు వేస్తుంది. కస్టమరు ఫోను ఇంకేదో ఫాంటుతో వేస్తుంది. మీరు చూసింది ఒకటి, వాళ్లు చూసేది ఇంకొకటి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి మంచివే ఉన్నాయి: నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సురన్న, అనెక్ తెలుగు. గుంటూరు పేరుతోనే హింద్ గుంటూరు అని ఒకటుంది, ఇంగ్లీషూ తెలుగూ రెండూ ఒకే కుదురులో ఉంటాయి కాబట్టి ధరలు, ఫోన్ నంబర్లు కలిసిన పేజీలకి బాగుంటుంది. వీటిలో ఏదో ఒకటి బిల్డర్ జాబితాలో ఉందా, లేకపోతే సొంతంగా ఎక్కించనిస్తారా అని చూడండి.

మూడోది ప్రెస్సు దగ్గర వచ్చే తంటా. గవర్నరుపేటలో కరపత్రం వేయించి ఉంటారు, అందులో మ్యాటరంతా చక్కగా ఉంది, దాన్నే సైటులో పెట్టేద్దామని ఫైలు తెచ్చుకుంటారు. కాపీ చేసి అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, కొమ్ములు, గుర్తులు కలిసిన గజిబిజి పడుతుంది. డీటీపీ వాళ్లు వాడేది అను ఫాంట్లు, అవి యూనికోడ్, అంటే అన్ని ఫోన్లకీ కంప్యూటర్లకీ అర్థమయ్యే ఉమ్మడి పద్ధతి, కావు. కన్వర్టర్‌లో పెట్టి యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు ఒకసారి సరిచూసుకుని అప్పుడు వాడాలి. అది బద్ధకమై చాలామంది కరపత్రాన్నే బొమ్మగా ఎక్కించేస్తారు. ఆ బొమ్మలోని నంబరు మీద వేలు పెడితే ఫోన్ వెళ్లదు, అక్షరాలు పెద్దవి చేస్తే పక్కకి జరుపుకుంటూ చదవాలి, వెతుకుడులో దాని వల్ల ఒరిగేది కూడా తక్కువే.

పేజీ చిరునామా మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి. తెలుగులో పెడితే వాట్సాప్‌లో పంపినప్పుడు అంకెలు, శాతం గుర్తులతో రెండు బారల లింకు తయారవుతుంది, అది చూసి నొక్కే ధైర్యం ఎవరూ చేయరు.

ఫోన్ సంగతి వచ్చింది కాబట్టి, లాగి వదలడంలో రెండు రకాలున్నాయని తెలుసుకోవాలి. ఒకదాంట్లో వస్తువుని పేజీ మీద ఎక్కడంటే అక్కడ పెట్టొచ్చు, విక్స్ మామూలు ఎడిటర్ అలాంటిది. రెండోదాంట్లో గళ్లు, వరసలు ముందే ఉంటాయి, వాటిలోనే పెట్టాలి. మొదటిది చేస్తున్నంతసేపూ హాయిగా ఉంటుంది. కంప్యూటర్ వెడల్పుకి పేర్చింది ఫోన్ వెడల్పుకి సరిపోదు కదా, మొబైల్ రూపాన్ని విడిగా ఇంకోసారి సర్దాలి, మార్పు చేసినప్పుడల్లా రెండు చోట్లా చూసుకోవాలి. గళ్ల పద్ధతిలో చేతులు కట్టేసినట్టుంటుంది గానీ ఫోన్లో చాలా వరకు తనంతట తనే కుదురుకుంటుంది. మన దగ్గర చూసేవాళ్లు దాదాపు అందరూ ఫోన్లోనే చూస్తారు. మొదటిసారి చేసేవాళ్లకి నా ఓటు గళ్లకే. విక్స్‌లో ఇంకోటి: ఒకసారి ఎంచుకున్న టెంప్లేట్‌ని ఆ సైటుకి మార్చడం కుదరదు, కొత్త టెంప్లేట్ కావాలంటే కొత్త సైటు మొదలుపెట్టాల్సిందే.

డబ్బు రావడం, డబ్బు పోవడం

సైటులోనే అమ్మాలనుకుంటే, బిల్డర్‌కి ఏ పేమెంట్ గేట్‌వేలు, అంటే కస్టమరు కట్టిన డబ్బుని మన ఖాతాకి చేర్చే సర్వీసులు, తగులుతాయో చూడటమే మొదటి పని. విదేశీ బిల్డర్లలో చాలా వాటికి పేపాల్, స్ట్రైప్ అన్నవే అలవాటు. పేపాల్ మన దేశంలో దేశీయ చెల్లింపులని 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. అంటే టెక్సాస్‌లో ఉన్నవాళ్లు మీ ఆవకాయకి పేపాల్‌లో కట్టగలరు, తెనాలిలో ఉన్నవాళ్లు కట్టలేరు. స్ట్రైప్ ఇక్కడ అడిగిన ప్రతి వ్యాపారికీ అకౌంటు ఇవ్వడం లేదు. కాబట్టి రేజర్‌పే, పేయూ, క్యాష్‌ఫ్రీ లాంటి మన గేట్‌వే ఏదో ఒకటి, దాని ద్వారా యూపీఐ ఉండి తీరాలి. గేట్‌వే వాళ్లు పాన్, బ్యాంకు ఖాతా కాగితాలు అడుగుతారు, మామూలుగా అమ్మకం మీద రెండు శాతం చుట్టుపక్కల తీసుకుంటారు, దాని మీద జీఎస్టీ అదనం. వీటికి తోడు క్యాష్ ఆన్ డెలివరీ పెట్టుకునే వీలు, పిన్‌కోడ్‌ని బట్టి కొరియర్ చార్జీ వేసే వీలు ఉన్నాయో లేదో చూడండి. సరుకు పదిపదిహేను రకాలకి మించకపోతే ఇంత తతంగం అక్కర్లేదు. ప్రతి ఫొటో కింద వాట్సాప్ బటన్ పెట్టి, మాట్లాడుకున్నాక క్యూఆర్ కోడ్ పంపితే సరిపోతుంది.

ఇక బిల్డర్‌కి మనం కట్టేది. తెర మీద కనపడే నెల రేటు చాలాసార్లు నెలకి కట్టే రేటు కాదు. నెలకి 149 రూపాయలు అని పెద్దక్షరాల్లో ఉందనుకుందాం. కింద చిన్నక్షరాల్లో 48 నెలలకి ఒకేసారి కడితేనే అని ఉంటుంది. అంటే 7,152 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 8,439. నాలుగేళ్ల తర్వాత రెన్యువల్ రేటు రెండింతలో మూడింతలో ఉండొచ్చు, అది ఇంకో పేజీలో ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లు నాలుగేళ్లకి కట్టొద్దు. నెల ప్లాన్ కాస్త ఖరీదైనా రెండు మూడు నెలలు నడిపి, సరిపడిందనిపిస్తే అప్పుడు ఏడాదికి కట్టండి.

కార్డు దగ్గర ఇంకో మెలిక. 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ లావాదేవీలు మూసే ఉంటాయి, బ్యాంకు యాప్‌లో మనమే తెరవాలి. 2021 అక్టోబరు 1 నుంచి ఆటో డెబిట్‌లకి రిజర్వు బ్యాంకు నిబంధనలు మారాయి: మొదటిసారి ఓటీపీతో అనుమతి ఇవ్వాలి, ప్రతిసారీ డబ్బు కోసే ముందు 24 గంటల ముందుగా కబురు రావాలి, మామూలుగా 15,000 దాటితే మళ్లీ ఓటీపీ. ఈ పద్ధతికి సిద్ధంగా లేని విదేశీ కంపెనీల రెన్యువళ్లు చడీచప్పుడు లేకుండా ఫెయిలవుతుంటాయి. సైటు ఆగిపోయిందని కస్టమరు చెబితే గానీ తెలియదు. రూపాయల్లో బిల్లు వేసి, యూపీఐ తీసుకుని, జీఎస్టీ ఇన్వాయిస్ ఇచ్చే బిల్డర్ అయితే ఈ గొడవ చాలా వరకు తప్పుతుంది. చెన్నైకి చెందిన జోహో నాకు నచ్చే కారణాల్లో ఇదొకటి, దాని టెంప్లేట్లు విక్స్ అంత కళగా లేకపోయినా.

ఏఐతో నిమిషంలో సైటు అన్నవాటి మీద ఎక్కువ మాట్లాడను. నాలుగు ప్రశ్నలు అడిగి పేజీలు పేర్చి ఇస్తాయి, మొదటి బెరుకు పోవడానికి మంచిదే. అవి రాసిన తెలుగు మాత్రం ఉన్నదున్నట్టు వదిలేయకండి. "మా నిబద్ధత కలిగిన బృందం" అని రాసి ఉన్న పచ్చళ్ల కొట్టులో ఎవరు కొంటారు?

ఇక ఎవరికి ఏది అంటే, నేను ఇచ్చే సలహా ఇదీ. క్లినిక్కు, కోచింగ్ సెంటరు, ఆటోనగర్‌లో లారీలకి బాడీ కట్టే షెడ్డు లాంటివాళ్లకి నాలుగైదు పేజీలు చాలు, గళ్ల పద్ధతి బిల్డర్ ఏదైనా సరే. ఆన్‌లైన్లో రోజూ ఆర్డర్లు వచ్చే చీరలవాళ్లు, పచ్చళ్లవాళ్లు అమ్మకాల కోసమే కట్టిన షాపిఫై, జోహో కామర్స్ లాంటివి చూడాలి. మామూలు బిల్డర్‌కి కొట్టు తగిలించుకుంటే స్టాకు లెక్క దగ్గర తికమక పడతారు. ఫొటోగ్రాఫర్లు, కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లకి కంటికి నచ్చడమే ముఖ్యం, విక్స్, స్క్వేర్‌స్పేస్ వాళ్లకే. స్క్వేర్‌స్పేస్‌లో శాశ్వత ఉచిత ప్లాన్ లేదు, 14 రోజుల ట్రయలే. రాసేవాళ్లు, వందల పేజీలు పెరుగుతాయని తెలిసినవాళ్లు మొదటి నుంచే వర్డ్‌ప్రెస్‌లోకి పోవడం మంచిది.

డబ్బు కట్టేముందు రెండు బిల్డర్లలో ఉచితంగా ఒకే పేజీ చేసి చూడండి. ఎక్కువ వద్దు: తెలుగులో కొట్టు పేరు, ఒత్తులున్న ఒక పెద్ద శీర్షిక, మూడు ఫొటోలు, ధరలు, ఫోన్ బటన్, మ్యాపు. ఫొటోలు ఫోన్లో తీసినవి ఉన్నవున్నట్టు ఎక్కిస్తే ఒక్కోటి నాలుగైదు ఎంబీలు ఉంటాయి, ముందు చిన్నవి చేసుకోండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా మీకు మీరే పంపుకుంటే చిన్నదైపోతుంది. తర్వాత ఆ లింకుని ఇంట్లో అన్నిటికన్నా పాత ఫోనులో, వైఫై ఆపేసి తెరవండి. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో కూడా పెట్టి చూడొచ్చు, పేజీలోని ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనపడితే బాగున్నట్టు లెక్క. ఫోన్ బటన్ నొక్కితే నంబరు పడుతోందా, మ్యాపు మీ సందులోకే తీసుకెళ్తోందా, ఒత్తులు తెగకుండా ఉన్నాయా చూసి, ఆ పేజీలో ఒక ధర ఫోన్లోంచే మార్చడానికి ప్రయత్నించండి. పండగ సీజన్లో కొట్టు కౌంటరు దగ్గర నిలబడి మార్చాల్సింది అలాగే.